పడుగూ పేకా పుష్పక్

ఏడడుగుల రెక్క. లోపల పల్చటి చెక్క, పైన గుడ్డ, మిగిలిందంతా గాలి. ఒకప్పుడు మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో కుర్రాళ్లకు ఎగరడం నేర్పిన పుష్పక్ విమానాన్ని అయిదో వంతు కొలతల్లో ఇంట్లో కట్టి, గుడ్డ తొడిగి, రేడియోతో ఎగరేసిన పదకొండు నెలల కథ ఇది.

డప్పు కొట్టేముందు దాన్ని మంట దగ్గర కాస్తారు. చర్మం బిగిసేదాకా తిప్పి తిప్పి కాచి, వేలితో తట్టి చూసి, నాదం కుదిరాకే భుజాన వేసుకుంటారు. చిన్నప్పుడు జాతర రోజున ఆ కాచడం చూడ్డానికే నేను అందరికన్నా ముందు వెళ్లి నిలబడేవాణ్ని. నలభై ఏళ్ల తర్వాత ఒక రాత్రి, భోజనాల బల్ల మీద విమానం రెక్క పరిచి, అరచేతిలో పట్టేంత ఇస్త్రీపెట్టెతో దాని గుడ్డను వేడి చేస్తుంటే నేనూ అదే పని చేస్తున్నానని అర్థమైంది. వదులుగా వేలాడుతున్న తెల్లగుడ్డ వేడి తగిలిన చోటల్లా కళ్లముందే ముడుచుకుని బిగిసింది. వేలితో తట్టాను. పలికింది. అప్పటిదాకా రెండు చేతులతో పట్టి మెలిపెడితే వేపపుల్లలా మెలితిరిగిన రెక్క, ఇక కదల్లేదు.

విమానమంటే ఇంజనేనని చాలామంది అనుకుంటారు. రెక్క మీద గుడ్డ బిగిసిన ఆ క్షణాన్ని చేత్తో తెలుసుకున్నవాళ్లు మాత్రం అలా అనుకోరు. ఎముకలు ఎంత బాగా కట్టినా, వాటిమీద చర్మం సరిగ్గా పడేదాకా అది చెక్కముక్కల గూడు మాత్రమే. గాలిని ఆనుకునేది ఆ గుడ్డే. మెలి తిరక్కుండా పట్టుకునేదీ చాలావరకు అదే.

హ్యాంగర్‌లో తట్టి చూసిన విమానం

కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఒక ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్‌లో మొదటిసారి పుష్పక్‌ను చూశాను. పసుపు రంగు మీద నల్లటి చార. రెక్క తలపైన ఉంటుంది, పైలట్లిద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. తోక కింద చిన్న చక్రం, అందువల్ల నేల మీద ఉన్నప్పుడు ముక్కు ఆకాశంకేసి చూస్తుంది. ఎవరూ చూడనప్పుడు దాని ఒంటి మీద వేళ్లతో తట్టాను. రేకు చప్పుడు వస్తుందనుకున్నాను. డోలు చప్పుడు వచ్చింది. వెనకనుంచి ఇన్‌స్ట్రక్టర్ గొంతు వినబడింది: "గుడ్డ బాబూ అది. గోరు తగలనివ్వకు."

బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో వి.ఎం. ఘాటగే బృందం తీర్చిన విమానం పుష్పక్. 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగిరింది. అమెరికా విమానం ఏరోంకా చీఫ్ దీనికి దగ్గరి చుట్టం. ముందు 90 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజను, ఉక్కు గొట్టాల అస్థిపంజరం, పైన గుడ్డ. నూటయాభైకి పైగా తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరాయి. మన దేశంలో ఎందరో పైలట్లు మొదట నేల విడిచింది దీని సీట్లోంచే. రామాయణంలోని పుష్పకం ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంచేదంటారు. ఈ పుష్పక్‌లో ఉన్నవి రెండే సీట్లు. అయినా మనసులో ఆ పేరున్న దేశం తన శిక్షణ విమానానికి ఇంకో పేరు పెట్టి ఉండదు.

రేడియోతో ఎగిరే స్కేల్ మోడళ్లలో ప్రపంచమంతటా ఎక్కువమంది కట్టేది అమెరికా వాళ్ల పైపర్ కబ్‌ను. దానికి కిట్లు, ప్లాన్లు కొల్లలు. పుష్పక్‌కు కిట్ నాకెక్కడా దొరకలేదు. మూడు వైపుల నుంచి గీసిన పాత బొమ్మ ఒకటి, పోగుచేసిన ఫొటోలు కొన్ని పెట్టుకుని ప్లాను నేనే గీసుకున్నాను. మన విమానాన్ని మనం కట్టకపోతే ఇంకెవరు కడతారు?

అయిదో వంతు లెక్క

అసలు రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 36 అడుగులు. అయిదో వంతు అంటే 7 అడుగుల 2 అంగుళాల పైచిలుకు. ఒళ్లు 21 అడుగులు, అది నాలుగడుగుల చిల్లర అవుతుంది. ఇంతవరకు త్రైరాశికమే. చిక్కు బరువు దగ్గర వస్తుంది. పొడవులు అయిదు వంతులు తగ్గితే రెక్క వైశాల్యం 25 వంతులు తగ్గుతుంది, ఘనపరిమాణం 125 వంతులు తగ్గుతుంది. అసలు పుష్పక్ మనుషులతో, ఇంధనంతో కలిపి ఆరు వందల కిలోల పైమాట. దాన్ని 125తో భాగిస్తే అయిదు కిలోలు వస్తుంది. మోడల్ ఆ గీత దాటకూడదు.

దాటితే ఏమవుతుంది? ఎగురుతుంది, కానీ పరిగెడుతుంది. బరువు పెరిగేకొద్దీ గాలిలో నిలబడడానికి ఎక్కువ వేగం కావాలి. అసలు పుష్పక్ గరిష్ఠ వేగం గంటకు 145 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అయిదో వంతు మోడల్ ఆ విమానంలాగే ఠీవిగా కదులుతున్నట్టు కంటికి కనబడాలంటే ఆ వేగాన్ని అయిదు వర్గమూలంతో భాగించాలి. సుమారు 65 వస్తుంది. అంతకన్నా జోరుగా పోతే, ఎంత నగిషీ పెట్టినా బొమ్మలాగే ఉంటుంది. స్కేల్ మోడల్ అందం రంగులో కాదు, తూకంలో ఉందని నేను నమ్ముతాను. అందుకే నా పనిబల్ల మీద మొదట చేరిన పనిముట్టు గ్రాముల్లో తూచే చిన్న కాటా.

బరువు చూసి కొనే చెక్క

బాల్సా చెట్టు ఎక్కువగా దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి వస్తుంది. అయిదారేళ్లలోనే కోతకు వచ్చేంత త్వరగా పెరుగుతుంది. 'బాల్సా' అంటే స్పానిష్‌లో తెప్ప. 1947లో పసిఫిక్ సముద్రం మీద సాగిన కోన్-టికి తెప్ప ఈ దుంగలతో కట్టిందే. చేతిలోకి తీసుకుంటే ఎండిన తుంగకాడంత తేలిక.

అన్ని షీట్లూ ఒక్కటి కావు. మూడడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు షీట్లు తూచాను. ఒకటి 27 గ్రాములు, ఇంకొకటి 50. తేలికవి తోకకు, గట్టివి రెక్క మొదలుకు. కోత కూడా చూడాలి. దుంగను కేంద్రంకేసి కోసిన షీటు మీద చేప పొలుసుల్లా మెరిసే మచ్చలుంటాయి. అది వంగదు, రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులకు పనికొస్తుంది. చుట్టుకొలత వెంబడి కోసింది గొట్టంలా చుట్టుకుంటుంది, రెక్క ముందంచు మీద వంచి అతికించడానికి అదే కావాలి. ఈ తేడా తెలియక నేను మొదటి రెండు షీట్లు పగలగొట్టాను.

మనకూ తేలిక చెక్కల జ్ఞానం ఉంది. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు. చెక్కను గోటితో నొక్కి, వేళ్లమీద ఊపి చూసి 'ఇది బొమ్మకొస్తుంది' అని చెప్పే పనివాడి చెయ్యి, బాల్సా ఏరే చెయ్యి వేరు కావు. కొండపల్లిలో ఒక ముసలాయనకు బాల్సా ముక్క ఇస్తే వాసన చూసి, ఊపి, "ఇది బొమ్మకు ఆగదు బాబూ, గాలికి ఆగుద్దేమో" అన్నాడు.

నిలువు రేఖల రహస్యం

రెక్కలో రిబ్బులు 28. రెక్కకు అడ్డకోత కోస్తే కనబడే ఆకారం రిబ్బుది. కింద ఇంచుమించు చదును, పైన ఉబ్బు. ఒక్కొక్కటి గీసి కోస్తే ఏ రెండూ కలవవు. ప్లైవుడ్‌తో రెండు అచ్చులు కోసి, వాటి మధ్య బాల్సా పలకలు పేర్చి, బోల్టులు బిగించి, మొత్తం కట్టను ఒకేసారి చెక్కి ఉప్పుకాగితంతో అరగదీయాలి. కట్ట విప్పితే అన్నీ ఒక్కలా ఉంటాయి.

చదునైన బల్ల దొరకడం మీరనుకున్నంత తేలిక కాదు. పాత ఫ్లష్ డోరు పలక ఒకటి తెచ్చి, గుండుసూదులు దిగడానికి మెత్తటి నోటీసు బోర్డు అట్ట పరిచాను. దానిమీద ప్లాను, ప్లాను మీద జిగురు అంటకుండా పల్చటి ప్లాస్టిక్ షీటు. బొమ్మలో గీత ఎక్కడుంటే చెక్క అక్కడ పెట్టి, సూదులు గుచ్చి, జిగురు పెడుతూ పోవాలి.

రెక్క బరువంతా మోసేది స్పార్. ఇంటికి దూలం ఎలాగో రెక్కకు అదలాగ. పైన ఒక సన్నటి స్ప్రూస్ కడ్డీ, కింద ఒకటి. రెండింటి మధ్య రిబ్బుకూ రిబ్బుకూ నడుమ బాల్సా పలకలు నింపుతాం. ఈ పలకల నార నిలువుగా ఉండాలి. కొత్తవాళ్లు అడ్డంగా పెడతారు, ఎందుకంటే అలా కోయడం సులువు. విమానం పైకి లేచినప్పుడు రెక్క పైకి వంగబోతుంది. అప్పుడు పై కడ్డీ నలుగుతుంది, కింది కడ్డీ సాగుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి జారిపోకుండా ఆపేది మధ్య పలకే. నార నిలువుగా ఉంటే ఆ పలక గట్టిగా నిలబడుతుంది. అడ్డంగా ఉంటే నార వెంట చీలుతుంది. రెక్క విరగడమా, విరక్కపోవడమా అన్నది చాలాసార్లు ఈ చిన్న విషయం దగ్గరే తేలిపోతుంది. గుడ్డ కప్పాక దాన్ని ఎవరూ చూడరు. అయినా సరిగ్గా చేయాలి.

కొసల దగ్గర వెనకంచు కింద ఎనిమిది మిల్లీమీటర్ల ముక్క పెట్టి కట్టాను. అంటే రెక్క కొస కాస్త ముక్కు దించి ఉంటుంది. దీన్ని వాషౌట్ అంటారు. వేగం తగ్గి రెక్క పట్టు సడలేటప్పుడు కొసలు చివరిదాకా గాలిని వదలవు, ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోకుండా కాపాడతాయి.

శ్రావణ మాసంలో ఒక తప్పు చేశాను. నీటితో కలిసిన తెల్లజిగురు ముసురుపట్టిన రోజుల్లో ఆరడానికి రెట్టింపు సమయం తీసుకుంటుంది. తొందరపడి మర్నాడే సూదులు పీకేశాను. మూడు రోజుల్లో కుడి రెక్క కొస మెలి తిరిగింది. ఆవిరి పట్టి, సరిచేసి మళ్లీ సూదులు గుచ్చి వారం రోజులు కదల్చలేదు.

ఆ వారంలోనే మస్కిటో గురించి మళ్లీ చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కట్టిన డి హావిలాండ్ మస్కిటో చెక్క విమానం. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది, 7,781 తయారయ్యాయి. దాని ఒళ్లు రెండు పల్చటి బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి అతికించినది. కుర్చీలు, పియానోలు చేసే వడ్రంగులు దాన్ని కట్టారు. 1944లో మన దేశంలో ఉన్న మస్కిటోల్లో కొన్ని గాలిలోనే విరిగిపోవడంతో మిగిలినవాటిని కొంతకాలం ఎగరనివ్వలేదు. మన వేడి, తేమ అతుకుల్ని దెబ్బతీశాయని మొదట అనుమానించారు. అతికించడంలో లోపాలు బయటపడ్డాయి. అంతటి విమానాన్నీ కట్టి నిలిపింది, కూల్చింది అతుకే. నేను సూదులు పీకడానికి ఆ తర్వాత ఎప్పుడూ తొందరపడలేదు.

మాధవాయిపాలెం గుడ్డ

మస్కిటో కథలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ చెక్క ఒంటి మీద ఒక నూలు గుడ్డ పరిచి, దానిమీద గుడ్డను బిగించే డోప్ అనే పూత పూసి, ఆపైన రంగు వేశారు. ఆ గుడ్డ పేరు ఇంగ్లిషులో 'మడపొల్లం'.

అది మా పక్క ఊరు. నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయిపాలెం. రేవు దాటితే అవతల సఖినేటిపల్లి. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి, చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర గుడ్డ కొని ఓడలకెత్తేది. ఆ ఒడ్డునే ఓడలూ కట్టేవారు. మాధవాయిపాలెం అనే పేరు తెల్లవాళ్ల నోట నలిగి మడపొల్లం అయింది. మగ్గాలు ఇక్కడ తగ్గిపోయాక కూడా లాంకషైర్ మిల్లుల్లో నేసిన అదే రకం గుడ్డకు ఆ పేరే నిలిచింది. ఆఖరికి మా గోదావరి ఒడ్డు పేరు ఒక యుద్ధవిమానం ఒంటిమీదికి ఎక్కింది. చిన్నప్పుడు పంటు మీద ఆ రేవు దాటిన ప్రతిసారీ నాకీ సంగతి తెలిసుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఆ గుడ్డనే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి జవాబు నేతలో ఉంది. మడపొల్లంలో పడుగూ పేకా సమానం. నిలువు పోగు ఎంతో అడ్డపోగు అంత. అందుకే అది నిలువునా అడ్డంగా ఒకేలా ముడుచుకుంటుంది, ఒకే బలం చూపిస్తుంది, పూసిన ద్రవాన్ని రెండు వైపులా ఒకేలా పీల్చుకుంటుంది. ఒకవైపు ఎక్కువ ముడుచుకునే గుడ్డను రెక్కకు వేస్తే రెక్కే మెలితిరుగుతుంది.

నరసాపురంలో మా ఇంటి బట్టలు కుట్టే టైలరు బాబాయికి డెబ్భై దాటాయి. నా దగ్గరున్న గుడ్డ పట్టుకెళ్లి ఆయన ముందు పరిచాను. ఇది ఇప్పటి మోడలర్లు వాడే పాలిస్టర్ నేత. వెనక జిగురు పొర ఉంటుంది, ఇస్త్రీ వేడికి అతుక్కుంటుంది, ఇంకొంచెం వేడికి ముడుచుకుంటుంది. చదరపు మీటరు వంద గ్రాములకు కాస్త తక్కువ. ఆయన రెండు వేళ్లతో నలిపి, నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా లాగి చూశాడు.

"పడుగు ఇంతే లాగుద్ది అబ్బాయ్. పేక ఇంకో వెంట్రుకవాసి. క్రాస్‌లో లాగితే మాత్రం రబ్బరే. నువ్వు రెక్కకి ఎటేస్తావ్?"

"పొడుగునా పడుగు వేస్తాను బాబాయ్."

"మంచిది. కొస గుండ్రంగా ఉందంటున్నావుగా, అక్కడ క్రాస్‌లో లాగు. జాకెట్టు చంకకి అంతే చేస్తాం. ముడత రాదు."

ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. రెక్క కొస వంపు దగ్గర మూడు రోజులుగా ముడతలతో కుస్తీ పడుతున్నాను. ఇంటికెళ్లి ఆయన చెప్పినట్టు ఏటవాలుగా లాగి ఇస్త్రీ పెడితే, గుడ్డ గిన్నె మీద మీగడలా పరుచుకుంది.

వేడి, ఓపిక

గుడ్డ వేయడానికి ముందు సగం పని అరగదీయడమే. 120 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 240, తర్వాత 400. చెక్క మీద ఇసుకరేణువంత జిగురుబొట్టు మిగిలినా గుడ్డ దాన్ని దాచదు, ఎత్తి చూపిస్తుంది. తర్వాత తడి పిండిన గుడ్డతో దుమ్మంతా తుడవాలి. దుమ్ము మీద జిగురు పట్టదు.

మొదట కింది వైపు, తర్వాత పైవైపు. పైగుడ్డ అంచు ముందంచును చుట్టి కిందికి రావాలి. ఎదురుగాలి అతుకును లేపకుండా ఒత్తుతూ పోయేలా చూసుకోవడమే అసలు సూత్రం. పెంకుటింటి కప్పు మీద పెంకు నీటివాలుకు ఎలా పడుతుందో అలాగన్నమాట. ఒంటికి తోక నుంచి మొదలుపెట్టి ముక్కుకేసి వస్తే అతుకులన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి. ముందు నాలుగు మూలలా, మధ్యలో చుక్కల్లా అంటించి, ముడతలు లాగేసి, అంచులు మూసి, అప్పుడు నడిమి గుడ్డను బిగించాలి. పైవైపు కొంచెం, కిందివైపు కొంచెం, మళ్లీ పైవైపు. ఒకవైపే పూర్తిగా బిగిస్తే రెక్క అటు వంగిపోతుంది. ప్రతి రిబ్బుకూ చిన్న రంధ్రం పెట్టడం మరిచిపోకూడదు. లేకపోతే గదుల్లో చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బి గుడ్డను లేపుతుంది.

అయినా కుడి రెక్క కొస రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. నా భార్య రెక్క కొసను వ్యతిరేక దిశలో మెలిపెట్టి పట్టుకుంటే, నేను గుడ్డకు మళ్లీ వేడి పెట్టాను. చల్లారేదాకా ఇద్దరం కదల్లేదు. వదిలాక రెక్క సరైన చోటే నిలబడింది. బట్టకు జ్ఞాపకం ఉంటుందని ఆ రాత్రి నమ్మకం కలిగింది.

అసలు విమానానికి గుడ్డను ప్రతి రిబ్బుకూ మైనం పట్టించిన దారంతో కుడతారు. కుట్ల మధ్య దూరం విమానం వేగాన్ని బట్టి ఉంటుంది. ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట కుట్లు దగ్గరగా వేస్తారు. వాటిమీద సన్నటి గుడ్డపట్టీ అంటిస్తారు. వెలుతురు పక్కనుంచి పడితే ఆ పట్టీ కింద ముత్యాల వరసలా కుట్లు కనిపిస్తాయి. స్కేల్ మోడల్‌ను దగ్గర్నుంచి చూసేవాళ్ల కన్ను మొదట వెతికేది దీన్నే. సూది ఉన్న చిన్న సిరంజిలో ఫెవికాల్ నింపి, రిబ్బు వెంట సెంటీమీటరున్నరకొక చుక్క పెట్టాను. మొత్తం తొమ్మిది వందల చుక్కలు. మూడు రాత్రులు పట్టింది. ఆరాక పైన పట్టీలు. అసలు పట్టీల అంచు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి ఉంటుంది, పోగు ఊడకుండా. ఆ పళ్లు అయిదో వంతుకు దిగితే కంటికి ఆనవు. పెద్ద పళ్లతో కత్తిరిస్తే చూపరులకు బాగుంటుంది గానీ అది అబద్ధమవుతుంది. అందుకని నేరుగానే కత్తిరించాను.

చుక్కాని ఒక్కదానికి మాత్రం పాలిస్టర్ వాడలేదు. నరసాపురం బజారులో కొన్న పల్చటి నూలుగుడ్డను గంజి పోయేదాకా ఉడికించి, ఆరబెట్టి, పడుగూ పేకా ఎంతెంత సాగుతున్నాయో కొలిచి వేశాను. సమానంగానే ఉన్నాయి. పైన పల్చగా కలిపిన డోప్ మూడు పూతలు. డోప్ అంటే సెల్యులోజ్ నుంచి చేసిన పదార్థాన్ని ద్రావకంలో కరిగించిన వార్నిష్ లాంటిది. ఆరుతూ గుడ్డను తనే బిగిస్తుంది. వాసన తలకెక్కుతుంది, మంట సోకితే భగ్గుమంటుంది. తలుపులన్నీ తీసి, వంటింటికి దూరంగా, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో డోప్‌లో టెట్రాక్లోరోఈథేన్ కలిపేవారు. ఆ ఆవిరి పీల్చి కామెర్లొచ్చి కార్మికులు చనిపోయారు. రెక్కలకు గుడ్డ కుట్టి, డోప్ పూసినవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. ఇప్పటి డోప్‌లో ఆ రసాయనం లేదు. అయినా ఆ పని చేసేటప్పుడు వాళ్లు గుర్తుకు రావాలి.

ఆ నూలుగుడ్డకు మూల్యం ఉంది. పాలిస్టర్ వేసుంటే అయిదు గ్రాములు, ఇది డోప్‌తో పన్నెండు. ఏడు గ్రాములంటే ఏమంత అనిపిస్తుంది. కానీ తోక గరిమనాభికి 85 సెంటీమీటర్ల వెనక ఉంది. త్రాసులో కాడ ఎంత పొడుగైతే బరువు అంత ఎక్కువ పలుకుతుంది కదా. దాన్ని సరిచేయడానికి ముక్కులో ఇరవై గ్రాముల సీసం పెట్టాలి, లేదా బ్యాటరీని ముందుకు జరపాలి. బ్యాటరీ ఎనిమిది మిల్లీమీటర్లు జరిపితే సరిపోయింది.

రంగు, రేడియో, రూలు

మిగిలింది త్వరగా చెబుతాను. రంగు స్ప్రే చేశాను, అసలు పుష్పక్‌కు నా కళ్లల్లో నిలిచిన పసుపూ నలుపూ. ముందు వెండి రంగు పూత ఒకటి. అసలు విమానాల్లో ఆ అల్యూమినియం పొర నూలును ఎండ నుంచి కాపాడేది. ఇంధనపు ఇంజను కాకుండా బ్రష్‌లెస్ మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ, 16 అంగుళాల ప్రొపెల్లర్. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. సర్వోలనే చిన్న మోటార్లు చుక్కానినీ, ఎలివేటర్‌నూ, రెక్క అంచు ఎయిలరాన్లనూ కదుపుతాయి.

రూలు విషయం మాత్రం శ్రద్ధగా వినండి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. సరదాకో, చదువుకో, పరిశోధనకో కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు విమానాన్ని అవి 'మోడల్'గా గుర్తిస్తాయి. ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్రాంతాలు చూడకుండా ఎక్కడా ఎగరేయకండి. నాలుగు కిలోల వస్తువు అరవై కిలోమీటర్ల వేగంతో మనిషికి తగిలితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, పుష్పక్‌తో మొదలుపెట్టొద్దు. ఒక షీటు బాల్సాతో చేత్తో విసిరే గ్లైడరు చేయండి. అది తిన్నగా పోయేదాకా ముక్కు మీద మైనం పెడుతూ తీస్తూ ఉండండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీల పిల్లలు ఏరోమోడలింగ్ తరగతిని వదులుకోవద్దు. రెడీమేడ్ ఫోమ్ విమానం కొని ఎగరడం నేర్చుకోవడంలో తప్పు లేదు, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ చెక్క కోసి గుడ్డ వేసిన చేతికి తెలిసేది ఫోమ్ నేర్పదు.

ఆటు వేళ

వరి కోసిన చేలల్లో గట్లు అడ్డం, మిగతా అంతా చేపల చెరువులు. మా వైపు చదునైన నేల కావాలంటే సముద్రపు ఒడ్డే. మాఘమాసం ఉదయం, ఆటు వేళ, గట్టిపడిన తడి ఇసుక. మనుషులు లేరు. టైలరు బాబాయిని ఆయన కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. ఆయన రెక్క మీద అరచెయ్యి ఆన్చి, చుక్కల వరస వెంట వేలు పోనిచ్చాడు.

"ఇవి కుట్లేనా?"

"కాదు బాబాయ్. జిగురు చుక్కలు. అసలు విమానానికి కుడతారు."

"చేత్తోనా?"

"చేత్తోనే."

ఇంకేమీ అనలేదు. చాలాసేపు ఆ వరసనే చూస్తూ నిలబడ్డాడు.

రెక్క కింద ముందంచు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్లు పెట్టి ఎత్తి చూశాను, సమంగా నిలిచింది. రేడియో శక్తి తగ్గించి ముప్ఫై అంగల దూరం నడిచి సిగ్నల్ పరీక్షించాను. కర్ర కుడికి నెడితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. ఇది నోటితో చెప్పుకుని కంటితో చూసుకోవాలి. దీన్ని చూడకుండా పోయిన విమానాలు ఎన్నో.

పరుగు మొదలుకాగానే ముక్కు ఎడమకు లాగింది, కుడి చుక్కాని ఇచ్చాను. తోక లేచింది. పదిహేను గజాల్లో నేల వదిలింది. మలుపు తిప్పేటప్పుడు ఎయిలరాన్ ఒక్కటే వాడితే ముక్కు అటు కాక ఇటు చూస్తుంది. పొడుగు రెక్కల పాత విమానాలన్నిటి స్వభావమిది. చుక్కాని కలిపి తిప్పాలి. అసలు పుష్పక్ మీద నేర్చుకున్నవాళ్ల కాళ్లకు ఇది మొదటి పాఠం. సూర్యుడు రెక్క వెనక్కి వచ్చినప్పుడు గుడ్డలోంచి వెలుగు దూరి, 28 రిబ్బులూ నీడల్లా కనిపించాయి. అన్నీ నిటారుగా, వరసగా ఉన్నాయి. తొమ్మిది నిమిషాలు ఎగిరింది. దిగింది.

రెండో సారి దిగేటప్పుడు చక్రం మెత్తటి ఇసుకలో కూరుకుని ముక్కు మీద వాలింది. ఎడమ రెక్క కొస గుడ్డ ఎనిమిది సెంటీమీటర్లు చిరిగింది. రిబ్బులకు ఏమీ కాలేదు. చిరుగు మీద అదే గుడ్డముక్క గుండ్రంగా కత్తిరించి అంటించాను. మూలలుంటే మూలల దగ్గర లేస్తుంది. రంగు మాత్రం కలపలేదు. అసలు విమానాల మీద కూడా అతుకులుంటాయి, వాటిని ఎవరూ దాచరు.

మొత్తం బరువు 4 కిలోల 120 గ్రాములు. అందులో గుడ్డా రంగూ కలిపి 310 గ్రాములు. రెండు వర్షాకాలాలు గడిచాయి. పాలిస్టర్ గుడ్డను రెండుసార్లు మళ్లీ వేడిచేసి బిగించాల్సి వచ్చింది. చుక్కాని మీది నూలుగుడ్డకు ఒక్కసారి కూడా అవసరం పడలేదు.